మదర్‌బోర్డు పోయిందన్నారు: బాబాయ్ కంప్యూటర్ మరమ్మతు డైరీ

శనివారం సాయంత్రం, ఫిర్యాదుల చిట్టా

ముందు యంత్రం సంగతి. 2016లో తెనాలిలో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఇంటెల్ కోర్ ఐ3-6100 ప్రాసెసర్, హెచ్110 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకే ముక్క, 1 టీబీ హార్డ్‌డిస్కు, విండోస్ 10. పక్కన 600 వీఏ యూపీఎస్, ఒక ఇంక్‌ట్యాంక్ ప్రింటరు. యజమాని మా బాబాయ్, రిటైరైన తెలుగు మాష్టారు. ఏళ్ల తరబడి రాసిన వ్యాసాలు, బడి పిల్లల చేత వేయించిన నాటికలు, ఎవరెవరి పుస్తకాలకో రాసిచ్చిన ముందుమాటలు, అన్నీ ఇందులోనే ఉన్నాయి.

ఫిర్యాదులు ఆయన మాటల్లోనే రాసుకున్నాను. “ఒక్కోరోజు లోపల ఫ్యాను తిరుగుతుంది గానీ తెర మీద బొమ్మ రాదమ్మడూ. వచ్చిన రోజు తేదీ 2015 అంటుంది, ఏ వెబ్‌సైటూ తెరవనివ్వదు. మధ్యాహ్నం పూట దానంతటదే ఆరిపోతుంది. ఆరకపోతే, వర్డు తెరుచుకునేలోపు మీ పిన్ని కాఫీ కలిపి తెచ్చేస్తుంది.” వంటింట్లోంచి పిన్ని అందుకుంది: “ప్రింటరు సంగతి కూడా చెప్పండి!”

బజారులో ఒక షాపుకు పట్టుకెళితే మూత కూడా తీయకుండానే “మదర్‌బోర్డు పోయింది, దీనికి పార్టులు రావట్లేదు, కొత్తది తీసుకోండి” అన్నారట. నాకు అది నమ్మబుద్ధి కాలేదు. మదర్‌బోర్డు నిజంగా పోతే ఇన్ని వేర్వేరు వేషాలు వేయదు. పదేళ్ల యంత్రంలో నాలుగైదు చిన్న జబ్బులు ఒకేసారి ఉండటమే ఎక్కువగా చూస్తాం. అన్నిటికీ కలిపి ఒకే కారణం వెతికితే చివరికి నేరం లోపలున్న పెద్ద పార్టు మీదే పడుతుంది. కాబట్టి ఏ ఫిర్యాదుకు ఆ ఫిర్యాదు విడిగా చూడటం, ఒకసారికి ఒక్కటే మార్చడం, మార్చేముందు ఎలా ఉందో రాసిపెట్టడం. పిన్ని ఇచ్చిన పాత పాల లెక్కల నోటుబుక్కు దీనికి సరిపోయింది.

వరస దగ్గర కాస్త ఆలోచించాల్సి వచ్చింది. నెమ్మదిగా నడవడానికి కారణం హార్డ్‌డిస్కు చావుబతుకుల్లో ఉండటమే అయితే, దాన్ని తిప్పిన ప్రతిసారీ బాబాయ్ రాతలతో జూదమాడినట్టే. దాన్ని పీకి నా ల్యాప్‌టాప్‌కు తగిలించడానికి కావలసిన శాటా-యూఎస్‌బీ తీగ నా దగ్గర లేదు. అందుకని డిస్కు తీగలు ఊడదీసి ముందు బొమ్మ తెప్పించాలి, వెంటనే ఫైళ్లు బయటికి తీయాలి, మిగతావన్నీ ఆ తర్వాతే.

ఆదివారం పొద్దున, బొమ్మ

మానిటర్ “నో సిగ్నల్” అంటోంది. అదే మానిటర్‌ను, అదే తీగతో నా ల్యాప్‌టాప్‌కు పెడితే బొమ్మ వచ్చింది. అంటే మానిటర్, తీగ రెండూ బాగానే ఉన్నాయి, లోపం డబ్బాలోనే.

గోడ దగ్గర స్విచ్ కట్టేసి ప్లగ్గు పీకేశాను. పవర్ బటన్‌ను కాసేపు నొక్కిపట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. మూత తీశాక ముందు క్యాబినెట్ ఇనుము ముట్టుకోవాలి. ఒంటి మీది స్టాటిక్ ర్యామ్‌లోకి పోకుండా అది చాలు, మణికట్టు పట్టీలు లేకపోయినా పర్లేదు. నైలాన్ చీరతో మాత్రం ఈ పనికి కూర్చోవద్దు.

డిస్కు, ప్రింటరు, పెన్‌డ్రైవ్, ముందువైపు యూఎస్‌బీ తీగలు అన్నీ ఊడదీసి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) మాత్రమే ఉంచాను. అయినా బొమ్మ లేదు. అంటే అనుమానితులు ఇక నలుగురే. వీళ్లలో తేలిగ్గా చేతికి వచ్చేది ర్యామ్. రెండు చివర్ల క్లిప్పులు వంచి బయటికి తీస్తే బంగారు రంగు కాళ్లు మసకబారి ఉన్నాయి. మెత్తటి తెల్ల పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో నెమ్మదిగా రుద్ది, రాలిన పొడి శుభ్రంగా తుడిచి, స్లాట్‌లో దుమ్ము బ్రష్షుతో దులిపి, పక్క స్లాట్‌లో “టిక్” మనే దాకా నొక్కాను. బొమ్మ వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే సగం సంగతే తెలుస్తుంది. తప్పు పాత స్లాట్‌దా, మురికిదా? ర్యామ్ తిరిగి పాత స్లాట్‌లోకి మార్చాను. మళ్లీ బొమ్మ వచ్చింది. స్లాట్ బాగుంది, బోర్డూ బాగుంది. దుమ్ము, మా వైపు గాలిలో తేమ కలిసి కాళ్ల మీద పొర కట్టాయి, అంతే. వేడెక్కినప్పుడు, చల్లారినప్పుడు ఆ అంటుకోవడం మారుతుంటుంది కాబట్టి ఒక్కోరోజు వచ్చి ఒక్కోరోజు రాకపోవడం.

ర్యామ్ లోపల జబ్బు ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఆ రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాము ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి వదిలేశాను. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు తిరిగి ఆగుతుంది. తెల్లారి చూస్తే తప్పులు సున్నా. ఒక్కటి కనిపించినా ఆ ర్యామ్ పక్కన పడేయాల్సిందే, “ఒక్కటేగా” అనుకోకూడదు.

ఆదివారం, భోజనాల ముందు: ఫైళ్లు

డిస్కు తగిలించి విండోస్ తెరిచాక డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో నడిపాను. పైన పసుపు రంగులో “కాషన్”. ఇందులో మనం చూడాల్సినవి ముఖ్యంగా రెండు వరసలు. 05 అంటే చెడిపోయి, బదులుగా వేరే చోటు కేటాయించిన సెక్టార్లు (డిస్కు మీద డేటా దాచే చిన్న గళ్లు). సీ5 అంటే చదవడానికి మొరాయిస్తూ తేలకుండా ఉన్న సెక్టార్లు. రెండూ సున్నా ఉండాలి. ఇక్కడ రెండిట్లోనూ అంకెలున్నాయి, సీ5లో ఎక్కువ. ఆ ముడి విలువలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతి) కనిపిస్తాయి, 10 అని ఉంటే అది పదహారు. సెట్టింగ్‌లో డెసిమల్‌కు మార్చుకుంటే తికమక ఉండదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని విండోస్‌లోని డిస్కు తనిఖీ కమాండ్ చెక్‌డిస్క్‌ను మరమ్మతు స్విచ్‌తో (కమాండ్ వెనక చేర్చే ఆదేశంతో) నడపడం. ఫైళ్లు బయటికి తీయకముందు అది చేయవద్దు. అది డిస్కు మొత్తం చదివిస్తుంది, దొరకనివాటిని తనకు తోచినట్టు సర్దేస్తుంది. కొనఊపిరి డిస్కుకు అంత పని చెప్పకూడదు.

మామూలుగా కాపీ, పేస్ట్ చేస్తే చెడ్డ సెక్టార్ దగ్గర ఆగిపోయి కిటికీ బిగుసుకుపోతుంది. అందుకని రోబోకాపీ వాడాను. విండోస్‌లోనే ఉంటుంది, కమాండ్ ప్రాంప్ట్‌లో నడపాలి. ఒక సంగతి తెలియకపోతే ఇదీ చిక్కే: చదవలేని ఫైలు తగిలితే అది 10 లక్షల సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది, ప్రతి ప్రయత్నానికీ మధ్య 30 సెకన్లు ఆగుతూ. డిఫాల్ట్ అదే. ఆర్, డబ్ల్యూ స్విచ్‌లు రెండిటికీ 1 ఇస్తే ఒక్కసారి ప్రయత్నించి ముందుకు పోతుంది. లాగ్ స్విచ్ ఇస్తే రానివి ఏవో ఒక ఫైల్లో రాసిపెడుతుంది. ముందు రాతల ఫోల్డర్, తర్వాత ఫోటోలు, ఆఖరున సినిమాలు. డిస్కు మధ్యలో ప్రాణం వదిలినా విలువైనవి బయటపడి ఉండాలి కదా. లాగ్ చూస్తే రానివన్నీ సినిమాలే.

బాబాయ్ ఫోల్డర్‌తో పాటు సీ డ్రైవ్‌లో విండోస్ లోపలున్న ఫాంట్స్ ఫోల్డర్ కూడా తీసుకున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆదివారం మధ్యాహ్నం, 2015 జనవరి

తేదీ వెనక్కి పోతోందంటే ఎవరైనా మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అనే చెబుతారు. చెప్పే ముందు బాబాయ్‌ని ఒక్కటి అడిగాను: “రాత్రి పడుకునేముందు గోడ స్విచ్ కూడా కట్టేస్తావా?”

“రోజూ కాదు. గుర్తుంటే కట్టేస్తాను.”

తేదీ తప్పిన రోజులు, స్విచ్ కట్టేసిన రాత్రులు పోల్చి చూస్తే సరిపోయాయి. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆపేసి ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా బోర్డుకు అందుతూనే ఉంటుంది. గడియారం దాని మీద నడుస్తుంది. ప్లగ్గు కట్టేశాకే సెల్ మీద భారం పడుతుంది. సెల్ తీసి మల్టీమీటరు పెడితే 2.1 వోల్టులు. అది సీఆర్2032, కొత్తది 3 వోల్టులకు పైనే చూపించాలి. వాచీల కొట్లో కూడా దొరుకుతుంది. పాత సెల్‌ను పక్కనున్న చిన్న కొక్కెం వెనక్కి నొక్కితే ఎగిరి వస్తుంది, కొత్తది ప్లస్ గుర్తు పైకి వచ్చేలా పెట్టాలి.

వెబ్‌సైట్లు తెరుచుకోకపోవడానికీ ఇదే కారణం. “ఈ కనెక్షన్ సురక్షితం కాదు” అన్న హెచ్చరిక చూసి బాబాయ్ వైరస్ అనుకున్నాడు. ప్రతి సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని రాసి ఉంటుంది. మన కంప్యూటర్ తాను 2015లో ఉన్నాననుకుంటే, ఆ సర్టిఫికెట్లు ఇంకా పుట్టలేదు కాబట్టి నమ్మదు. మరి ఇంటర్నెట్ నుంచి టైము తనే సరిచేసుకోవచ్చుగా అంటే, ఇళ్లలో వాడే మామూలు విండోస్‌లో తేడా 15 గంటలు దాటితే ఆ సేవ దానంతటది సర్దదు. చేత్తో తేదీ పెట్టాల్సిందే.

సెల్ మార్చాక బయోస్ (విండోస్ కంటే ముందు బోర్డు నడిపే ప్రోగ్రాము) సెట్టింగులు కొత్తగా మొదలవుతాయి. తేదీ, బూట్ వరస ఒకసారి చూసుకుని సేవ్ చేశాను.

తర్వాతి వారం: ఆరిపోవడం

నేనుండే హైదరాబాద్‌కు తిరిగి వచ్చేముందు బాబాయ్‌కి ఒక పని అప్పజెప్పాను. కంప్యూటర్ ఆరినప్పుడల్లా నోటుబుక్కులో టైము, ఆ క్షణంలో పైనున్న సీలింగ్ ఫ్యాను వేగం తగ్గిందా లేదా అన్నది రాయమని. విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో “కెర్నల్-పవర్ 41” అని ఎర్ర గుర్తులు వరసగా ఉన్నాయి గానీ అవి చెప్పేది ఒక్కటే: సరిగ్గా షట్‌డౌన్ కాకుండా యంత్రం ఆగిందని. ఎందుకు ఆగిందో ఆ అంకె చెప్పదు. దాన్ని పట్టుకుని ఎస్‌ఎంపీఎస్ మార్చేసినవాళ్లు నాకు తెలుసు.

శనివారం వెళ్లేసరికి మాష్టారి దస్తూరీలో పట్టిక సిద్ధంగా ఉంది. కొన్నిసార్లు ఫ్యాను కూడా నెమ్మదించింది, కొన్నిసార్లు నెమ్మదించలేదు. నెమ్మదించనివన్నీ ఆయన గంటకు పైగా పని చేశాక, ఎండ పూట. అంటే ఆరిపోవడం ఒకటే అయినా కారణాలు రెండు.

మొదటిది కరెంటు. యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి పీకి చూశాను, కంప్యూటర్ ఆ క్షణమే ఆగింది. యూపీఎస్ ఉన్నా లేనట్టే, లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ పోయింది. ఇలాంటివి మామూలుగా మూడేళ్లకు మించి పెద్దగా రావు, ఇది యంత్రంతో పాటు వచ్చినదే. కొత్త బ్యాటరీ వేయడం తేలిక. వెనక స్క్రూలు తీసి ఎర్రతీగ ఎర్రదానికి, నల్లతీగ నల్లదానికి. వేసేముందు గోడ ప్లగ్గు పీకేయాలి, రెండు తీగల కొసలు ఒకదానికొకటి తగలకూడదు. పాతది చెత్తలో వేయొద్దు, అందులో సీసం, ఆమ్లం ఉంటాయి. బ్యాటరీల కొట్లో ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు.

రెండోది వేడి. దాన్ని ఖాయం చేసుకునేముందు ఎస్‌ఎంపీఎస్‌ను పక్కకు తప్పించాలి. యంత్రం నడుస్తుండగా ఖాళీగా వేలాడుతున్న నాలుగు కాళ్ల మోలెక్స్ కనెక్టర్‌లో మల్టీమీటరు పెట్టాను. నల్లతీగకు, పసుపు తీగకు మధ్య 11.9. నల్లదానికి, ఎర్రదానికి మధ్య 5.04. అయిదు శాతం అటూఇటూ ఉండొచ్చు, అంటే 12 వోల్టుల దగ్గర 11.4 నుంచి 12.6 వరకు. పది వీడియోలు ఒకేసారి తెరిచి భారం పెంచినా అంకెలు కదల్లేదు. ఎస్‌ఎంపీఎస్ బాగుంది. దాని పెట్టె మాత్రం ఎవరూ విప్పకండి, ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

హెచ్‌డబ్ల్యూమానిటర్‌లో ప్రాసెసర్ వేడి ఏ పనీ లేకుండానే 68 డిగ్రీలు. వీడియోలు పెట్టగానే 97, 99, 100. ఈ ప్రాసెసర్‌కు హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరితే తన వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి పెరుగుతుంటే కాలిపోకుండా ఆగిపోతుంది. కాబట్టి బాబాయ్ చెప్పిన “నెమ్మది”లో కొంత వాటా దీనిదే.

కూలర్ రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. బ్రష్షు పెట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోవాలి. ఇంటెల్ కూలర్‌కు నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటి మీదున్న బాణం వైపు తిప్పి పైకి లాగితే ఊడతాయి. కింద, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే పేస్టు ఎండిపోయి సున్నంలా రాలింది. ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టాను. వేలితో పులమక్కర్లేదు, కూలర్ బరువుకు అదే పరుచుకుంటుంది. తిరిగి బిగించేటప్పుడు పిన్నులను మామూలు స్థానానికి తిప్పి, ఎదురెదురు మూలలు జతగా నొక్కాలి. ఒక్క పిన్ను సరిగ్గా దిగకపోయినా కూలర్ ఒక పక్కకు లేచి శ్రమంతా వృథా అవుతుంది. అందుకే నాలుగూ చేత్తో పట్టుకుని ఊపి చూశాను.

ఇప్పుడు ఖాళీగా 42, భారంతో 67. డబ్బాను బల్ల కింది తలుపుల అరలోంచి బయటికి తీసి, గోడకు జానెడు దూరంలో పెట్టాం. పిన్నికి అది నచ్చలేదు గానీ ఒప్పుకుంది.

ఉగాది సెలవు: డిస్కు మార్పిడి

వేడి తగ్గినా కాఫీ లెక్క అలాగే ఉంది. టాస్క్ మేనేజర్‌లో డిస్కు 100 శాతం, కానీ కదులుతున్న డేటా చూస్తే సెకనుకు ఒక ఎంబీ కూడా లేదు. ఇది వింతేమీ కాదు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు చదివే సూది (హెడ్) కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైన. సూది ఆ దారికి జరగడానికి ఇంకో 9 దాకా. ఒక్కో చిన్న ముక్కకు 13 మిల్లీసెకన్లంటే సెకనుకు 75 ముక్కలు, ముక్క 4 కేబీ అనుకుంటే 300 కేబీ. పెద్ద సినిమా ఫైలు వరసగా చదివేటప్పుడు సెకనుకు 100 ఎంబీ దాటే డిస్కే, విండోస్ అడిగే వేలాది చిన్న ఫైళ్ల దగ్గర ఇలా కూలబడుతుంది. చెడ్డ సెక్టార్లు తోడైతే ఇక చెప్పేదేముంది. ఎస్‌ఎస్‌డీలో (చిప్పుల్లో డేటా దాచే డిస్కు) తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. అదే పని సెకనుకు వేల సార్లు చేస్తుంది. పాత కంప్యూటర్‌కు ఒక్కటే ఖర్చు పెట్టగలిగితే అది ఇక్కడే పెట్టాలి. ప్రాసెసర్ బాలేదన్న మాట నేను ఎస్‌ఎస్‌డీ వేసి చూశాక గానీ వినను.

240 జీబీ శాటా ఎస్‌ఎస్‌డీ తెచ్చాను. ఈ బోర్డు శాటా వేగానికి అది సరిపోతుంది. పాత డిస్కును క్లోన్ చేయలేదు. చెడ్డ సెక్టార్లున్న డిస్కు నుంచి విండోస్‌ను మక్కీకి మక్కీ దించితే పాడైన సిస్టమ్ ఫైళ్లు కూడా వెంట వస్తాయి. మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని (కనీసం 8 జీబీ ఉండాలి, అందులోవన్నీ చెరిగిపోతాయి) కొత్తగా ఎక్కించాను. ఎక్కించేటప్పుడు పాత డిస్కు శాటా తీగ ఊడదీసి ఉంచడం ముఖ్యం. రెండూ తగిలి ఉంటే విండోస్ తన బూట్ ఫైళ్లను ఒక్కోసారి పాత డిస్కులో పెడుతుంది. తర్వాత ఆ డిస్కు తీసేసిన రోజు కంప్యూటర్ లేవదు. ప్రోడక్ట్ కీ అడిగితే “నా దగ్గర లేదు” అని దాటేయొచ్చు. ఇంతకుముందు అసలు లైసెన్సుతో యాక్టివేట్ అయి ఉన్న బోర్డే కాబట్టి నెట్ తగలగానే అదే యాక్టివేట్ అయింది.

ర్యామ్ కూడా 8 జీబీ చేద్దామనుకున్నాం. ధరలు చూసి ఆగాం, ఈ మధ్య అవి బాగా పెరిగిపోయాయి. తమ్ముడి పాత డెస్క్‌టాప్‌లోంచి 4 జీబీ డీడీఆర్4 ముక్క ఒకటి దొరికితే రెండో స్లాట్‌లో వేసి, మళ్లీ రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టాను. తప్పుల్లేవు.

పచ్చడి తిని వచ్చి బాబాయ్ బటన్ నొక్కాడు. కుర్చీ సర్దుకునేలోపే డెస్క్‌టాప్ వచ్చేసింది. “ఇది మనదేనా?” అన్నాడు. పిన్ని మాత్రం, ఇక మధ్యలో కాఫీలుండవని చెప్పేసింది.

అదే రోజు సాయంత్రం: అక్షరాలు

బాబాయ్ తన వ్యాసం తెరిచాడు. తెర నిండా ఇంగ్లిష్ అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, నెత్తిన చుక్కలున్న అక్షరాలు. ముఖం వాడిపోయింది. “పోయిందా?”

పోలేదు. ఫాంట్స్ ఫోల్డర్ అందుకే తెచ్చాను. ఆయన పాత రాతలన్నీ డీటీపీ కాలం నాటి అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ పద్ధతిలో ఫైల్లో దాగేది తెలుగు అక్షరం కాదు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్ స్థానాల్లో తెలుగు తలకట్లు, గుడులు, ఒత్తులు బొమ్మలుగా అమర్చి ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో కింద ఉన్న ఇంగ్లిష్ కోడ్ బయటపడుతుంది. బ్యాకప్ నుంచి ఆ ఫాంట్ ఫైళ్లు ఎంచుకుని ఇన్‌స్టాల్ చేస్తే వ్యాసం మళ్లీ తెలుగైంది.

ఇది తాత్కాలికమే. ఫోనులో పంపితే అవతలివాళ్లకు మళ్లీ గజిబిజే, వెతికితే ఒక్క మాటా దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు సొంత కోడ్ స్థానాలున్నాయి కాబట్టి ఫాంటు మారినా అక్షరం మారదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత కన్వర్టర్లు ఉన్నాయి. ఒక వ్యాసం మార్చి చూపించాను. చాలావరకు బాగానే వచ్చింది. కొన్ని ఒత్తులు, అరసున్నలు తేడా పడ్డాయి, పద్యాల్లో మరీనూ. అసలు ఫైళ్లు అలాగే ఉంచి, మార్చినవి వేరే ఫోల్డర్‌లో పెట్టుకుంటూ రోజుకు కొన్ని దిద్దుకుంటానన్నాడు. ప్రూఫులు దిద్దడం ఆయనకు కొత్త కాదు.

టైపింగ్‌కు విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. భాషల సెట్టింగుల్లో తెలుగు చేర్చి, కీబోర్డులో దాన్ని ఎంచుకోవాలి. పాత యూనికోడ్ పత్రాల్లో వాడిన గౌతమి ఫాంటు కొత్త విండోస్‌లో కనిపించలేదని కంగారుపడొద్దు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది, అది దించుకుంటే వస్తుంది.

ఒక శనివారం, చిల్లర పనులు

ప్రింటరు: క్యూలో ఒక పత్రం ఇరుక్కుని, రద్దు చేసినా పోకుండా, వెనకవాటిని ఆపేస్తోంది. సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను (ఆ క్యూను నడిపే సేవ) ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ ఫోల్డర్ ఖాళీ చేసి, స్పూలర్ మళ్లీ మొదలుపెట్టాను. ఫోల్డర్ లోపలివి మాత్రమే చెరపాలి, ఫోల్డర్‌ను కాదు. పిన్ని కరెంటు బిల్లు ప్రింట్ తీసుకుని వెళ్లిపోయింది.

నెట్: అప్పుడప్పుడు తెగుతోంది. కమాండ్ ప్రాంప్ట్‌లో మొదట రౌటర్‌ను పింగ్ చేయాలి (పిలిచి పలుకుతుందేమో చూడాలి), ఇక్కడ 192.168.1.1. అది పలికితే బయట గూగుల్ వారి 8.8.8.8. అదీ పలికితే ఏదైనా సైటు పేరు. పేరు దగ్గర మాత్రమే ఆగితే డీఎన్‌ఎస్ (సైటు పేరును అంకెలుగా మార్చే సేవ) లోపం, బయటి అంకె దగ్గర ఆగితే కంపెనీకి ఫోను చేయాలి. ఇక్కడ మొదటి మెట్టులోనే, మన ఇంటి రౌటర్ దగ్గరే, పింగ్ తెగుతోంది. తీగ వెంట పోతే బీరువా వెనక ఎలుక కొరికిన చోటు దొరికింది. బాగున్న చోట కోసి కొత్త ఆర్‌జే45 (నెట్ తీగ చివరి ప్లాస్టిక్ ప్లగ్గు) నొక్కి బిగించాను. వరస: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. ఎనిమిదిలో నాలుగు తీగలు బాగుంటే 100 ఎంబీపీఎస్ దాకా నడుస్తుంది, అది కూడా ఒకటి, రెండు, మూడు, ఆరు స్థానాలవి అయితేనే. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. వేగం సరిగ్గా 100 దగ్గర ఆగిపోతోందని ఎవరైనా అంటే నేను ముందు తీగనే చూస్తాను.

తెర మూల నుంచి “మీ కంప్యూటర్‌లో వైరస్, ఈ నంబరుకు ఫోను చేయండి” అని దూకుతున్నవి వైరస్‌లు కావు. ఎప్పుడో ఒక సైటు అడిగితే “అలౌ” నొక్కడం వల్ల వస్తున్న బ్రౌజర్ నోటిఫికేషన్లు. సైట్ సెట్టింగుల్లో ఆ పేర్లు తీసేస్తే ఆగాయి. తెరంతా కమ్మేసే రకం వస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ముగించడమే. ఆ నంబర్లకు ఫోను చేయొద్దని, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలని పెద్ద అక్షరాలతో రాసి మానిటర్ పక్కన అంటించాను.

మిగిలినవి

యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేశాం. ఇప్పుడు కరెంటు పోతే పనిని సేవ్ చేసి ఆపేంత సమయం ఇస్తోంది. పాత హార్డ్‌డిస్కు మీద తేదీ, “రాయవద్దు” అని చీటీ అంటించి బీరువాలో పెట్టాం. కన్వర్షన్ అంతా పూర్తయ్యాకే దాని సంగతి చూడాలి.

తేలనిది విండోస్ సంగతి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కు దాదాపుగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే అధికారిక ప్రవేశం, ఇది ఆరో తరం. అడ్డదారుల్లో ఎక్కించొచ్చు గానీ బాబాయ్ రోజూ వాడే యంత్రం మీద ఆ ప్రయోగం చేయను. ప్రస్తుతానికి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌కు (గడువు తర్వాతా వచ్చే భద్రతా మార్పులు) నమోదు చేశాను, అవి 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. ఈలోపు విండోస్‌కు బదులు వాడదగ్గ ఉచిత లైనక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడాలి, డిస్కు ముట్టుకోకుండా. చూడాల్సినవి మూడు: ప్రింటరు పలుకుతుందా, తెలుగు టైపింగ్ ఆయన చేతికి అలవాటవుతుందా, అను ఫాంట్ల పత్రాలు అందులోని వర్డు లాంటి లిబ్రేఆఫీస్‌లో చెదరకుండా తెరుచుకుంటాయా. మూడోది కుదరకపోతే కన్వర్షన్ అయ్యేదాకా ఈ మార్పు ఆపాలి.